కోసి మూసేసిన డాక్టరమ్మ

ఆ ఊళ్లో నాకొక పేరుండేది. నా ఎదురుగా ఎవరూ అనలేదు. ఒకసారి బస్టాండులో రిక్షా ఎక్కి ఆసుపత్రికి పోనిమ్మన్నాను. తొక్కుతున్న మనిషి నన్నెరగడు. దారిలో ఎదురైన ఇంకో రిక్షా అతను "ఎక్కడికిరా?" అని అరిస్తే, "గవర్నమెంటాసుపత్రికి! అదే, కోసి మూసేసిన డాక్టరమ్మ లేదూ, ఆ ఆసుపత్రికి!" అని ఇతనూ అరిచాడు. నేను కొంగు భుజం చుట్టూ కప్పుకుని కాలవ వైపు చూస్తూ కూర్చున్నాను. గేటు దగ్గర నేను దిగగానే వాచ్‌మన్ లేచి నమస్కారం పెట్టాడు. అది చూసి రిక్షా అతను బండి ఎంత గాభరాగా తిప్పాడంటే గేటుకి కొట్టుకోబోయాడు.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్తాను. సర్జరీలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. మీకిప్పుడు పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు, ఎదురుగా టీవీ, కాలేయం అడుగు దాకా కనిపించే వెలుగు. తొంభైల నడుమ మా దగ్గర అవేమీ లేవు. కుడి పక్కటెముకల కింద జానెడు కోత, కోతని తెరిచి ఉంచడానికి అసిస్టెంటు పట్టుకునే రిట్రాక్టరు, నెత్తి మీద లైటు, ఆ లైటులో వెలిగినన్ని బల్బులు. అంతే.

రాజమండ్రి నుంచి బస్సులో గంట పైన ప్రయాణం, కాలవ ఒడ్డున ఊరు. అక్కడి ఆసుపత్రిలో నేను రెండో సర్జన్ని. ఆడ సర్జన్ని చూడడం ఆ ఊరికి అదే మొదలు. నా గది ముందు పొద్దున్నే నిండు గర్భిణులు బారులు తీరేవారు. "నేను కాన్పులు చెయ్యనండి, పక్క గదికి వెళ్లండి" అంటే, "అదేంటండి, ఆడ డాక్టరే కదండి మీరు?" అని నన్ను జాలిగా చూసేవారు. హెర్నియాలు, మొలలు ఉన్న మగవాళ్లు కర్టెన్ తీసి లోపలికి తొంగి చూసి, "పెద్దాయన లేరాండి?" అని కర్టెన్ మళ్లీ వేసేసేవారు. నా దగ్గరికి వచ్చేవల్లా కురుపులు, కాలిన గాయాలు, రొమ్ములో గడ్డలు.

కాలవ రోడ్డులో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. సాయంత్రం ఆ మెట్లెక్కితే మళ్లీ పొద్దున దిగేదాకా ఎవరితోనూ మాట్లాడే పని పడేది కాదు. ఒక్కోరోజు ఓపీలో మొదటి పేషెంటుని "ఏమ్మా, ఏమైంది?" అని అడిగితే గొంతు బొంగురుగా వచ్చేది. జలుబు చేసిందా మేడమ్ అని సిస్టరు అడిగేది. జలుబు కాదు. ముందురోజు సాయంత్రం నుంచి ఆ గొంతుకి పని లేదు, అంతే.

మా పెద్ద సర్జన్‌గారికి రిటైర్మెంటు దగ్గర పడింది. చెయ్యి తిరిగిన మనిషి. పొట్ట తెరిచాక ఆయన వేళ్లు వాటంతట అవే దారి చూసుకుంటాయని మత్తు డాక్టరుగారు అనేవారు. నన్ను "అమ్మాయ్" అని పిలిచేవారు. మర్యాదస్థుడే. కాకపోతే పెద్ద కేసులేవీ నా వైపు రానిచ్చేవారు కాదు. "నీకెందుకమ్మాయ్ ఈ తలనొప్పులు" అనేవారు, అదేదో నాకు చేస్తున్న ఉపకారంలా.

అలాంటి రోజుల్లో ఒక టీచరుగారు వచ్చారు.

నలభై దాటిన మనిషి. సన్నగా, ఎత్తుగా, ఒంటి రంగు జ్వరానికి వాడి ఉంది. కాలవ దిగువన పల్లెలో ప్రైమరీ స్కూల్లో పనిచేస్తారు. లూథరన్ కుటుంబం. ఆవిడ అన్నయ్య వాళ్ల సంఘంలో పెద్ద, కౌలు వ్యవసాయం, గట్టి గొంతు. వారం పైనుంచి కుడి డొక్కలో నొప్పి, చలి జ్వరం. ఊళ్లో సూదిమందులు పొడిపించుకుంటూ రోజులు నెట్టారు.

"గ్యాసనుకున్నామండి" అన్నాడు అన్నయ్య. "తగ్గిపోద్దనుకున్నామండి. పరీక్షలు దగ్గరకొచ్చేయని స్కూలు మానకుండా ఎళ్లిందండి ఇది."

పొట్ట మీద చెయ్యి వేస్తే పక్కటెముకల కింద నిమ్మకాయంత గడ్డ గట్టిగా తగిలింది. ఆవిడ పళ్లు బిగించారు గాని అరవలేదు. స్కానింగులో పిత్తాశయం ఉబ్బిపోయి ఉంది. పేషెంట్లకు నేను పసరుతిత్తి అని చెప్పేదాన్ని: కాలేయం కింద చిన్న తిత్తి, అన్నం అరగడానికి కావాల్సిన పసరు అందులో నిలవ ఉంటుంది. ఈవిడ తిత్తిలో రాళ్లున్నాయి. ఒక పెద్ద రాయి దాని మెడలో బిరడాలా ఇరుక్కుంది. లోపల చీము పట్టింది. రెండు రోజులు గట్టి మందులు ఎక్కించినా జ్వరం దిగలేదు. ఇంక ఆపరేషన్ తప్పదు.

పెద్ద సర్జన్‌గారే చేసేవారు. కానీ టీచరుగారు, "ఆడ డాక్టరుగారున్నారు కదండి, ఆవిడ చేస్తే బాగుంటుందండి" అన్నారు. ఆడదాన్ని కావడం ఆ ఊళ్లో నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే. ఆయన నా వైపు చూసి, "సరే, చెయ్యి. నేను ఓపీలోనే ఉంటాను" అన్నారు.

పొద్దున్నే పాస్టరుగారు వచ్చి మంచం పక్కన నిలబడి ప్రార్థన చేశారు. స్ట్రెచర్ కదిలేటప్పుడు అన్నయ్య నాకడ్డంగా వచ్చాడు.

"రాళ్లన్నీ తీసేత్తారుగాండీ?"

"తీసేస్తానండి" అన్నాను.

అలా ఎప్పుడూ అనకండి. లోపల ఏముందో చూడకముందే ఎవరికీ మాటివ్వకండి. అప్పటికి నాకు ఆ తెలివి లేదు.

పొట్ట తెరిచాక కాసేపు నాకేమీ అర్థం కాలేదు. మామూలుగా అయితే కాలేయాన్ని పైకెత్తగానే తిత్తి కనబడుతుంది. ఇక్కడ అది కనబడనే లేదు. చుట్టూ ఉన్న కొవ్వు పొర, పేగు, అన్నీ వచ్చి దాన్ని కరిచి పట్టుకున్నాయి. ఒక్కొక్కటీ వేలితో నెమ్మదిగా విడదీస్తూ పోయాను. విడదీసిన ప్రతి చోటా రక్తం ఊరుతోంది. తిత్తి పైభాగం బయటపడింది, నల్లగా, బిగుసుకుపోయి. అడుగున మెడ దగ్గరికి వెళ్లేసరికి కొయ్యలా గట్టిపడి ఉంది. ఏది దేని కండో తెలియడం లేదు.

ఇక్కడొక్క మాట చెప్పాలి, లేకపోతే మిగతాది మీలో సర్జన్లు కానివాళ్లకు అర్థం కాదు. తిత్తిని తియ్యాలంటే దాని సన్నటి తొడిమని కట్టి కొయ్యాలి. ఆ తొడిమ వెళ్లి కలిసేది అసలు పసరు గొట్టంలో. కాలేయం నుంచి పేగుకి వచ్చే దారి అదొక్కటే. పెన్సిలు కంటే సన్నం. తొడిమ అనుకుని దాన్ని కోస్తే ఇంక ఆ మనిషి బతుకు కామెర్లతో, జ్వరాలతో, ఆపరేషన్ల మీద ఆపరేషన్లతో సరిపోతుంది. వాపు లేనప్పుడు ఈ రెంటికీ తేడా చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. వాపులో దేవుడికైనా తెలియదు.

నా వేలికి తాడులాంటిది ఒకటి తగిలింది. తొడిమా? గొట్టమా?

మత్తు డాక్టరుగారు తల దగ్గర నుంచి, "మేడమ్, బీపీ కొంచెం జారుతోంది. ఇంకా ఎంతసేపు?" అన్నారు. ఆయనెప్పుడూ తొందర పెట్టే మనిషి కాదు.

పెద్ద సర్జన్‌గారికి కబురు పెట్టాను. ఆయన ఓపీ మధ్యలో లేచి వచ్చారు. చేతులు కడుక్కోలేదు, మాస్కు ఒకటి కట్టుకుని నా భుజం వెనక నుంచి చూశారు.

"అది తొడిమే. కట్టెయ్" అన్నారు.

"నాకు నమ్మకంగా లేదండి."

"నాకుంది. ఎన్ని చూడలేదు ఇలాంటివి. కట్టి, కోసి, వచ్చెయ్."

"మీరొకసారి చేతులు కడుక్కుని వస్తారాండి?"

ఆయన గోడ మీద గడియారం చూశారు. బయట ఓపీలో జనం ఉన్నారు. "నీ కేసమ్మాయ్. నీ ఇష్టం. ఆపితే మాత్రం ఊళ్లో ఏమంటారో చూసుకో" అని వెళ్లిపోయారు. తలుపు ఊగి ఊగి ఆగింది.

తాడు నా రెండు వేళ్ల మధ్య ఉంది. సిస్టరు దారం ఎక్కించిన క్లాంపు పట్టుకుని సిద్ధంగా ఉంది. ఆ గదిలో నేను కాక నలుగురున్నారు. నలుగురిలో ముగ్గురు నా మొహం వంక చూస్తున్నారు, నాలుగో మనిషి నిద్రపోతోంది. చిన్నప్పటి నుంచి ఒంటరితనం అంటే మనుషులు లేకపోవడం అనుకునేదాన్ని. అంతమంది ఊపిరి నా చెవికి వినబడుతుండగా అది ఎలా ఉంటుందో తెలిసింది ఆ కాసేపట్లోనే.

"సిస్టర్, అది వద్దు. ట్యూబు ఇవ్వండి" అన్నాను.

తిత్తి పైన చిన్న గంటు పెట్టి చీము లాగేశాను. అందిన చిన్న రాళ్లు చెంచాతో తీశాను. మెడలో రాయి కదలలేదు, దాని జోలికి పోలేదు. తిత్తిలో ట్యూబు పెట్టి, చుట్టూ కుట్టి, దాని రెండో కొస డొక్కలోంచి బయటికి తెచ్చి సంచికి తగిలించాను. పొట్ట మూసేశాను. చీము బయటికి పోతే ప్రాణం నిలుస్తుంది. వాపు తగ్గాక, రెండు నెలలకో ఎప్పటికో, మళ్లీ తెరిచి మిగతా పని చెయ్యాలి. పుస్తకాల్లో ఉన్నదే, నేను కనిపెట్టిందేమీ కాదు.

బయటికొచ్చాక చేసిన పొరపాటు మాత్రం నా సొంతం. అన్నయ్య, సంఘం వాళ్లు, ఒక పదిమంది వరండాలో ఉన్నారు. అన్నయ్య "రాళ్లు తీసేరాండీ?" అని అడిగాడు.

"పెద్ద రాయి తియ్యలేకపోయానండి. ట్యూబు పెట్టి మూసేశాను. కొన్నాళ్లాగి మళ్లీ చెయ్యాలి" అన్నాను.

తియ్యలేకపోయాను. ఆ మాట ఎందుకు వచ్చిందో ఇప్పటికీ తెలియదు. తియ్యకూడదని ఆపాను అనాల్సింది. అది నిజం కూడా. మీరు ఎప్పుడైనా ఆపితే, ఆపాను అని చెప్పండి. రెండు మాటలకీ మధ్య ఎంత దూరముందో ఆ ఊరు నాకు నేర్పింది. సాయంత్రానికి కాలవ ఈ గట్టూ ఆ గట్టూ అదే మాట: ఆడ డాక్టరమ్మ భయపడి, కోసి, ఏమీ చెయ్యలేక మూసేసిందట.

మూడో రోజుకి టీచరుగారికి జ్వరం దిగింది. నాలుగోరోజు జావ తాగారు. అది ఎవరికీ పట్టలేదు. అన్నయ్య ఒక లోకల్ నాయకుణ్ణి వెంటబెట్టుకుని సూపరింటెండెంటుగారి గదికి వచ్చాడు. సూపరింటెండెంటుగారు కంటి డాక్టరు. పసరుతిత్తి గురించి ఆయనకెంత తెలుసో నాకు కంటి శుక్లాల గురించి అంతే తెలుసు. నన్నూ పెద్ద సర్జన్‌గారినీ పిలిపించారు.

"కోసినాక తియ్యాలాండీ, వద్దాండీ?" అన్నాడు అన్నయ్య. "మా సెల్లెలు డొక్కలో గొట్టమేసుకుని తిరగాలాండీ? అదేమన్నా నీళ్ల ట్యాంకాండీ? సేతగాకపోతే ముందే సెప్పాల. రాజమండ్రి తీసుకుపోదుం గదండీ."

సూపరింటెండెంటుగారు పెద్ద సర్జన్‌గారి వైపు తిరిగారు. "మీరేమంటారు సార్?"

ఆయన కళ్లజోడు తీసి, జేబురుమాలుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "కేసు ఆవిడది. ఆవిడే చెప్పాలి" అన్నారు.

నేను చెప్పాను. కొయ్యలా గట్టిపడిందని, ఏది ఏదో తెలియలేదని, మనిషి దక్కాలని ఆపానని. చెప్పేకొద్దీ సాకులా వినిపించింది, నాకే. లోకల్ నాయకుడు మధ్యలో ఆవులించాడు.

బయట వరండాలోకి వచ్చాక పెద్ద సర్జన్‌గారు నా పక్కన నడుస్తూ, గొంతు తగ్గించి, "నువ్వు చేసింది తప్పేం కాదమ్మాయ్" అన్నారు.

"ఆ మాట లోపల అనాల్సిందండి."

ఆయన నాలుగడుగులు వేశారు. "అంటే, మరి మీరెందుకు చేతులు కడుక్కోలేదని అడుగుతారు" అని తన గదిలోకి వెళ్లిపోయారు. నాకు కోపం రాలేదు. నిజం చెప్పారు కదా అనిపించింది. ఆ తర్వాత చాలాకాలం, వరండాలో ఎదురైతే ఇద్దరం గోడల మీద పోస్టర్లు చదువుకుంటూ వెళ్లేవాళ్లం.

నా ఓపీ పలచబడింది. ఉన్న కురుపులు కూడా పెద్దాయన గదికి వెళ్లాయి. గర్భిణులు మాత్రం వచ్చేవారు. వాళ్లకు నా పేరు తెలియదేమో, తెలిసినా కాన్పుకి అదేం అడ్డం కాదేమో. వాళ్లని పక్క గదికి పంపి, ఖాళీ బల్ల ముందు కూర్చుని, వేళ్ల మధ్య ఆ తాడుని మళ్లీ పట్టుకుని చూసేదాన్ని. తొడిమేనేమో. కట్టేసి ఉంటే ఈపాటికి అయిపోయేదేమో. ఎవరినైనా అడుగుదామంటే అది చూసింది నా వేళ్లొక్కటే.

టీచరుగారిని ఇంటికి పంపించాం. వారానికి రెండుసార్లు కట్టు మార్చడానికి, ట్యూబు కడగడానికి రావాలి. మొదటిసారి అన్నయ్య కారు మాట్లాడుకుని వచ్చాడు. చెల్లెల్ని కారులోంచి దించలేదు. తనొక్కడే వచ్చి నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"కాయితాలిచ్చెయ్యండి. విశాఖపట్నం తీసుకుపోతన్నాం. అక్కడ పెద్ద డాక్టరుగారు ఎంటనే తీసేత్తానన్నారు."

ఇంకా వాపు తగ్గలేదు. కాగితాలు రాస్తూ, "వెంటనే వద్దండి, కాస్త ఆగమని చెప్పండి ఆయనకి" అన్నాను. అతను వినిపించుకోలేదు. ఇంతలో టీచరుగారే కారు దిగి, డొక్క మీద చెయ్యి అదిమిపెట్టుకుని, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చారు.

"అన్నయ్యా, నేను రాను."

"ఊరుకోవే. నీకేం తెలుసు?"

"లోపల తెరిచి చూసినావిడ ఈవిడొక్కరే. చూసి భయపడ్డారంటే అక్కడ భయపడాల్సిందేదో ఉందనేగా? అది చూడకుండానే భయం లేదంటున్నాయన దగ్గరికి నన్ను తీసుకెళ్తానంటావేంటి?"

"ఊళ్లో ఏమంటన్నారో తెలుసా నీకు?"

"ఊరికి లేదు కదా గొట్టం. నాకుంది."

అన్నయ్య నన్నూ, చెల్లెల్నీ మార్చి మార్చి చూసి, కారు తలుపు ఊరంతా వినబడేలా వేసుకుని ఒక్కడే వెళ్లిపోయాడు. టీచరుగారు బల్ల మీద పడుకుని, "కట్టు మార్చండి డాక్టరుగారూ. మధ్యాహ్నం బస్సు అందుకోవాలి" అన్నారు. నేను కట్టు మారుస్తూ తల ఎత్తలేదు. ఎత్తితే ఆవిడ నా కళ్లు చూసేస్తారు.

అప్పటి నుంచి బస్సులో ఒక్కరే వచ్చేవారు. ట్యూబు సంచి పైకి కనబడకుండా ఆవిడ గుడ్డ సంచులు కుట్టుకున్నారు, ఏ చీరకి ఆ రంగు. నడుముకి కట్టుకుని స్కూలుకి వెళ్లేవారు. "అందులో ఏముంది టీచరూ అని పిల్లలు ఒకటే గోల. బలపాలున్నాయని చెప్పానండి. ఇప్పుడు రోజుకొకడు బలపం అడుగుతున్నాడు" అని చెప్పి నవ్వబోయి, కుట్లు లాగితే ఆగిపోయేవారు.

ఓపీ అయ్యే వేళకి వచ్చేవారు. కట్టు మార్చడం ఎంతసేపని. ఆ తర్వాత బస్సు దాకా టైముండేది. నా గదిలో ఎలాగూ ఎవరూ ఉండరు. ఆవిడ తెచ్చుకున్న ఇడ్లీ ఆవిడ, నా క్యారేజీ నేను తినేవాళ్లం. పరీక్ష పేపర్లు తెచ్చుకుని దిద్దుకునేవారు. ఒక పిల్లాడు "ఆవు వల్ల ఉపయోగములు" అన్నదానికి "మా ఆవు వల్ల ఏమీ లేవు, తంతుంది" అని రాశాడు. దానికి మార్కులివ్వాలా వద్దా అని మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం. ఇచ్చారు చివరికి. ఆవిడా పెళ్లి చేసుకోలేదు. ఎందుకని నేనడగలేదు, నన్ను ఆవిడా అడగలేదు. ఆ ప్రశ్న అడగని మనిషి నాకు అంతవరకు తగల్లేదు.

ఆవిడ వచ్చే రోజుల్లో నా గొంతు బాగుండేదని సిస్టరు గమనించింది.

ట్యూబులోంచి మొదట చీము, తర్వాత తేటగా నీళ్లలాంటిది వచ్చింది. పసరు రాలేదు. రాయి ఇంకా మెడలో అలాగే ఉందన్నమాట. వేసవి సెలవులిచ్చాక రెండో ఆపరేషన్ పెట్టుకున్నాం. రోజు దగ్గర పడుతుంటే నాకు అన్నం సయించేది కాదు. ఈసారి కూడా ఆపాల్సి వస్తే ఆ ఊళ్లో నేనింక తల ఎత్తుకోలేను. అది కాదు అసలు భయం. ఆవిడ నన్ను నమ్మి విశాఖపట్నం వెళ్లే కారు దిగిపోయారు.

ఆ పొద్దున నేను చేతులు కడుక్కుంటుంటే పక్క కుళాయి తిప్పిన చప్పుడైంది. చూస్తే పెద్ద సర్జన్‌గారు. మోచేతుల దాకా సబ్బు రాసుకుంటున్నారు. నేను పిలవలేదు.

"రిట్రాక్టరు పట్టుకోడానికొచ్చాను" అన్నారు, కుళాయి వైపు చూస్తూనే.

పట్టుకున్నారు. చివరి దాకా ఒక్క సలహా ఇవ్వలేదు. అంత పెద్దాయన అసిస్టెంటు స్థానంలో నిలబడి, నా చేతికి చోటిస్తూ, లైటు అడ్డం రాకుండా తల పక్కకి వంచి పట్టుకున్నారు.

లోపల మెత్తబడింది. పొరలు విడివడుతున్నాయి. మెడ దగ్గర మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. అడుగు నుంచి పోకుండా తిత్తిని పైనుంచి తెరిచి, లోపల నుంచే ఆ రాయిని వేలితో పెకలించాను. రేగుపండంత. అది ఊడి రాగానే వెనకాల నుంచి పచ్చటి పసరు నెమ్మదిగా ఊరింది. గాజుగుడ్డతో అద్ది చూస్తే అప్పుడు కనబడింది. ఆ రాయి ఒత్తిడికి తిత్తి గోడా, అసలు పసరు గొట్టమూ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. గొట్టం తన చోటు నుంచి పైకి లాక్కురాబడి, సరిగ్గా తొడిమ ఉండాల్సిన చోట, తొడిమలాగే నిక్కి ఉంది.

ఆ రోజు నా వేళ్ల మధ్య ఉన్నది అదే.

పెద్ద సర్జన్‌గారి చేతిలో రిట్రాక్టరు కొంచెం కదిలింది. మళ్లీ సర్దుకున్నారు. చాలాసేపటికి, "కట్టెయ్ అన్నాను కదూ" అన్నారు.

"అన్నారండి."

"ఊఁ" అన్నారు.

గొట్టానికి అతుక్కున్న గోడ ముక్కని అక్కడే వదిలేసి, మిగతా తిత్తి తీసేసి, ఆ ముక్క నోరు కుట్టేశాను. మత్తు డాక్టరుగారు బీపీ బాగుందని అడక్కుండానే రెండుసార్లు చెప్పారు.

ఈసారి బయటికి నాకంటే ముందు ఆయన వెళ్లారు. నేను గౌను విప్పుకుని వచ్చేసరికి అన్నయ్య ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంటున్నాడు.

"మీరు ముందే చెయ్యి పెట్టుంటే ఇన్ని బాధలు లేకపోయేయండి బాబూ!"

"నేను కాదయ్యా. ఆవిడ చేసింది. నేనూరికే నిలబడ్డాను."

"మీరలాగే అంటారండి. పెద్దోళ్లు పెద్దోళ్లేనండి."

ఆయన నా వైపు నిస్సహాయంగా చూశారు. నాకు నవ్వొచ్చింది. ఆయన ఇంకో రెండుసార్లు కాదన్నారు. కాదన్నకొద్దీ ఆయన వినయం ఊరంతా పాకింది. కోసి మూసేసిన డాక్టరమ్మ దగ్గర పాడైన కేసుని పెద్దాయన ఎలా బాగు చేశాడో రాజమండ్రి దాకా చెప్పుకున్నారు. చేసిన ఆపరేషన్ని నలుగురికీ చూపించవచ్చు. చెయ్యకుండా ఆపిన కోతని ఎవరికి చూపిస్తాం? పిల్లలూ, ఈ ఉద్యోగంలో మీరు చేసే మంచి పనుల్లో కొన్నిటికి సాక్షి ఉండడు. ఉంటే మత్తులో ఉంటాడు.

టీచరుగారికి కుట్లు ఊడదీసిన రోజు అన్నయ్య కూడా వచ్చాడు. కాగితం మీద మందులు రాసిచ్చాను.

"ఇంక మళ్లీ ఎప్పుడు రమ్మంటారండి?" అని ఆవిడ అడిగారు.

"ఇంక రానక్కర్లేదండి" అన్నాను. డాక్టరు పేషెంటుకి చెప్పగలిగినవాటిలో అంతకు మించిన మంచిమాట లేదు. ఆవిడ తలూపి, గుడ్డ సంచులన్నీ సిస్టరుకి ఇచ్చేసి, బస్సుకి వెళ్లిపోయారు. మర్నాడు ఓపీ అయ్యాక నా క్యారేజీ విప్పి, మళ్లీ మూత పెట్టేశాను.

ఆ వేసవి చివర్లో నాకు బదిలీ కాగితం వచ్చింది, సామర్లకోట అవతల ఇంకో ఊరికి. వెళ్లేముందు చెప్పి పోదామని వాళ్ల స్కూలు దాకా వెళ్లాను. సెలవులు, తాళం వేసి ఉంది. ఆవిణ్ణి మళ్లీ చూడలేదు. పెద్ద సర్జన్‌గారు రిటైరై కొన్నేళ్లకు పోయారని విన్నాను.

కానీ ఆ బదిలీ రాకముందు ఒక ఆదివారం జరిగింది చెప్పాలి. మిట్టమధ్యాహ్నం నా మేడ మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆ మెట్లెక్కి నాకోసం వచ్చేది ఆసుపత్రి బాయ్ ఒక్కడే, అదీ ఎమర్జెన్సీ అయితే. చెప్పులు వేసుకుంటూ తలుపు తీశాను. టీచరుగారు. తెల్లచీర, చేతిలో బైబిలు, చిన్న టిఫిన్ డబ్బా. ఎండకి మొహం ఎర్రబడి ఉంది.

"ఏమైంది? నొప్పి మళ్లీ వచ్చిందా? జ్వరమా?" అన్నాను. చెయ్యి అప్పటికే ఆవిడ నుదుటి మీదికి వెళ్లింది.

"ఏమీ లేదండి."

"కళ్లు చూడనివ్వండి. పచ్చబడ్డాయా?"

"పచ్చబడలేదండి. బాగానే ఉన్నాను. చర్చి అయిపోయింది. ఊరికే ఇలా వచ్చాను. రాకూడదాండీ?"

ఊరికే వచ్చిన మనిషితో ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. లోపలికి రమ్మన్నాను. గదిలో ఒకటే కుర్చీ. ఎన్నేళ్లుగానో ఒకటే ఉందని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆవిణ్ణి అందులో కూర్చోబెట్టాను. ఆవిడ డబ్బా మూత తీసి రెండు పళ్లాలు ఎక్కడున్నాయో తనే వెతికి తెచ్చుకుని, పులిహోర పెట్టారు. నేను మంచం పక్కన, రౌండ్స్‌లో పేషెంటు ముందు నిలబడ్డట్టు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడే ఉన్నాను.

ఆవిడ పళ్లెం నా వైపు చాపి, కాసేపు చూసి, మెల్లిగా అన్నారు:

"కూర్చోండి డాక్టరుగారూ. మీ ఇల్లే కదండీ."

మంచం అంచున కూర్చున్నాను.